ఒక బల్ల, రెండు కుర్చీలు

పాఠం చదివే ముందు

ఇది ఒక స్వీయానుభవ వ్యాసం. చిన్న గ్రంథాలయాలలో పనిచేసేవారు కొత్త యంత్రాలను ఎలా నేర్చుకుంటున్నారో, ఆ నేర్చుకోవడంలో ఏమి లోపిస్తున్నదో ఇందులో చదువుతారు. మీలో చాలామంది దుకాణంలోనో, కార్ఖానాలోనో, ఆఫీసులోనో పనిచేస్తూ చదువుకుంటున్నారు. మీ పనిలోకి కూడా ఏదో ఒక కొత్త యంత్రం వచ్చే ఉంటుంది. అందువల్ల ఈ పాఠం చదువుతూ ఒక ప్రశ్నను మనసులో ఉంచుకోండి. కొత్త యంత్రం వచ్చినప్పుడు, పాత పని తెలిసిన మనిషికి ఎక్కడ చోటు ఉండాలి?

1. గ్రంథపాలకునికి తెలిసిన విద్య

గ్రంథాలయం అనగానే మనకు బీరువాలు, వార్తాపత్రికలు, బల్ల వెనుక కూర్చున్న ఒక పెద్దమనిషి గుర్తుకు వస్తారు. పుస్తకం ఇవ్వడం, తిరిగి తీసుకోవడం, రిజిస్టరులో రాయడం, సాయంత్రం తాళం వేయడం, ఇంతే ఆయన పని అని చాలామంది అనుకుంటారు. కాని పైకి కనిపించని పని మరొకటి ఉంది. వచ్చిన ప్రతి పుస్తకాన్నీ ఆయన తెరిచి చూడాలి. అది దేని గురించి రాసినదో తేల్చాలి. దానికి ఒక సంఖ్య ఇవ్వాలి. ఆ సంఖ్య ప్రకారం దానికి అరలో ఒక చోటు చూపాలి.

ఉదాహరణకు, అమెరికాకు చెందిన మెల్విల్ డ్యూయీ 1876లో ప్రకటించిన దశాంశ వర్గీకరణ పద్ధతిని చూడండి. ఇందులో తెలుగు సాహిత్యానికి 894.827 అనే సంఖ్య, హిందీ సాహిత్యానికి 891.43 అనే సంఖ్య వాడతారు. ఈ పద్ధతి పాటించే గ్రంథాలయం హైదరాబాదులో ఉన్నా, రాయ్‌పూర్‌లో ఉన్నా, తెలుగు నవలలు, కావ్యాలు ఒకే సంఖ్య కింద చేరతాయి.

సంఖ్య ఇచ్చిన తరువాత సూచీ తయారు చేయాలి. పూర్వం దీనికి అట్టకార్డులు వాడేవారు. ఒకే పుస్తకానికి రచయిత పేరుతో ఒక కార్డు, పుస్తకం పేరుతో ఒక కార్డు, విషయం పేరుతో ఒక కార్డు రాసేవారు. పాఠకునికి ఈ మూడింటిలో ఏ ఒక్కటి తెలిసినా పుస్తకం దొరికేది. ఈ పని చేయడానికి భాష తెలియాలి, రచయితలు తెలియాలి, పాఠకులు ఎలా అడుగుతారో తెలియాలి. ఇదీ గ్రంథపాలకునికి తెలిసిన విద్య. కంప్యూటర్ వచ్చిన తరువాత అట్టకార్డు పోయింది గాని, ఈ విద్య అవసరం పోలేదు. అది పోయిందని అనుకున్న చోట ఏం జరుగుతుందో నేను బీర్‌గావ్‌లో చూశాను.

2. బీర్‌గావ్ పఠనాలయం

బీర్‌గావ్ ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో రాయ్‌పూర్‌ను ఆనుకొని ఉన్న పారిశ్రామిక పట్టణం. పక్కనే ఉర్లా పారిశ్రామిక ప్రాంతం ఉంది. ఈ ప్రాంతానికి తెలుగువారి రాకపోకలు ఈనాటివి కావు. విజయనగరం నుంచి పార్వతీపురం మీదుగా రాయ్‌పూర్ వరకు రైలుమార్గం 1931లో పూర్తయింది. ఆ దారిన ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో కుటుంబాలు రైల్వే పనులకు, కార్ఖానాలకు, కూలిపనులకు వచ్చి స్థిరపడ్డాయి. ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ. ఇక్కడి పిల్లలు ఈ మూడింటి మధ్యా పెరుగుతారు.

పాఠ్యరచయితల సమావేశం కోసం నేను రాయ్‌పూర్‌లో పది రోజులు ఉన్నాను. అక్కడ పరిచయమైన ఒక ఉపాధ్యాయిని సాయంత్రం నన్ను బీర్‌గావ్‌లోని ఒక చిన్న పఠనాలయానికి తీసుకువెళ్లారు. రెండు గదులు, ఆరు బీరువాలు. హిందీ పుస్తకాలు ఎక్కువ. తెలుగు పుస్తకాలు కొన్ని వందలు ఉన్నాయి. అవన్నీ ఏళ్ల తరబడి ఊరికి వెళ్లివచ్చిన ప్రతివారూ సంచిలో వేసుకుని తెచ్చి ఇచ్చినవి.

పఠనాలయం చూసే ఆయన శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవారు. అరవై ఏళ్లకు దగ్గర పడ్డారు. పగలంతా కార్ఖానా స్టోరులో పనిచేసి, సాయంత్రం పఠనాలయం తెరుస్తారు. ప్రతి పుస్తకం ఆయనకు ముఖపరిచయమే. అయితే అప్పటికి కొన్ని నెలల క్రితం ఒక దాత కంప్యూటర్ ఇచ్చారు. రిజిస్టరులోని వివరాలన్నీ అందులోకి ఎక్కించడానికి కాలేజీలో చదివే ఒక అబ్బాయిని పెట్టారు. స్థానికుడు, చురుకైనవాడు. అతనికి తెలుగు రాదు.

నేను అక్కడ ఉండగానే ఒక యువతి వచ్చింది. తన కొడుక్కి తెలుగు అక్షరాలు నేర్పాలని, పెద్దబాలశిక్ష ఉందా అని అడిగింది. అబ్బాయి కంప్యూటర్‌లో వెదికాడు. "నహీ హై దీదీ" అన్నాడు. ఆమె చెప్పులు తొడుక్కోబోతుండగా పెద్దాయన లేచి, మూడో బీరువా తెరిచి, రెండో అరలోంచి ఆ పుస్తకం తీసి ఇచ్చారు.

తెర మీద ఏముందో చూద్దామని నేను దగ్గరకు వెళ్లాను. హిందీ పుస్తకాల వివరాలు చక్కగా ఉన్నాయి. తెలుగు పుస్తకాల దగ్గర మాత్రం ఇలా ఉంది: తెలుగు పుస్తకం - 1, తెలుగు పుస్తకం - 2, తెలుగు పుస్తకం - 3. చివరి వరకు అంతే. రచయిత పేరు లేదు, పుస్తకం పేరు లేదు. చదవలేని పుస్తకానికి ఆ అబ్బాయి అంతకంటే ఏం రాయగలడు?

"అన్నయ్యగారూ, మీరు పక్కన కూర్చుని పేర్లు చెప్పలేదా?" అని అడిగాను.

"నాకు కంప్యూటర్ రాదు కదా మేడమ్! మధ్యలో నేనెందుకని ఊరుకున్నాను. రెండు రోజుల ట్రైనింగుకి పంపించారు. అక్కడ అన్నీ చెప్పారు. కంప్యూటర్‌ని మాత్రం ముట్టుకోనివ్వలేదు" అన్నారాయన.

ఆ మాటలో నింద లేదు. తనకు ఇక ఆ బల్ల దగ్గర పనిలేదని ఒప్పేసుకున్న మనిషి గొంతు అది. నన్ను బాధపెట్టినది అదే. ఆయన పదవి నుంచి ఎవరూ తొలగించలేదు. యంత్రం వచ్చింది, ఆయన తనంతట తానే పక్కకు జరిగారు. ఆయనతో పాటు కొన్ని వందల తెలుగు పుస్తకాలూ పక్కకు జరిగాయి. రేపు ఆయన ఊరికి వెళ్లిపోతే, అరలో ఉండి కూడా ఆ పుస్తకాలు ఎవరికీ దొరకవు.

3. పేరు రాయడం చిన్న పని కాదు

తెలుగు తెలిసినవారిని ఒకరిని పెట్టి టైపు చేయిస్తే సరిపోతుంది కదా అని మీరు అనవచ్చు. అది సగం మాత్రమే నిజం. ఎందుకో కొన్ని ఉదాహరణలతో చూద్దాం.

తెలుగువారి పేరులో ఇంటిపేరు ముందు ఉంటుంది. విశ్వనాథ సత్యనారాయణ అన్నప్పుడు విశ్వనాథ అనేది ఇంటిపేరు. చాలా కంప్యూటర్ పద్ధతులు ఇంటిపేరు చివర ఉంటుందనే అలవాటుతో తయారయ్యాయి. తెలియనివారు ఆ పేరును తిరగవేసి సత్యనారాయణ కింద చేరుస్తారు. అప్పుడు ఒకే రచయిత పుస్తకాలు కొన్ని విశ్వనాథ దగ్గర, కొన్ని సత్యనారాయణ దగ్గర ఉంటాయి.

కలంపేర్లతో మరో చిక్కు ఉంది. శ్రీశ్రీ అసలు పేరు శ్రీరంగం శ్రీనివాసరావు. ఆరుద్ర అసలు పేరు భాగవతుల సదాశివశంకర శాస్త్రి. పాఠకుడు ఏ పేరుతో అడిగినా పుస్తకం దొరకాలంటే, రెండు పేర్లూ ఒకరివేనని సూచీలో ముడి వేయాలి. ఇక ఖాళీల సంగతి. మనకు శ్రీశ్రీ, శ్రీ శ్రీ ఒకటే. వేయిపడగలు, వేయి పడగలు ఒకటే. కంప్యూటర్‌కు ఆ సంగతి ఎవరైనా నేర్పితే తప్ప అవి వేర్వేరు మాటలు.

ఇది చిన్న పఠనాలయాల కష్టం మాత్రమే కాదు. ఈ శతాబ్ది మొదటి సంవత్సరాలలో మన దేశంలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అనే పెద్ద పథకం నడిచింది. అనేక భాషలతో పాటు తెలుగు పుస్తకాలను కూడా పెద్దఎత్తున స్కాన్ చేశారు. ఎక్కడా దొరకని పాత పుస్తకాలు అందువల్ల నిలిచాయి. అది గొప్ప మేలు. అయితే వాటి పేర్లను ఇంగ్లీషు అక్షరాలలో, ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాశారు. కొన్నిచోట్ల రచయిత పేరు పుస్తకం పేరు ఉండవలసిన చోట పడింది. పుస్తకం ఉన్నది, చదివేవారు ఉన్నారు, మధ్యలో దారి మూసుకుపోయింది. తరువాత తెలుగు వికీపీడియా, వికీసోర్స్ వంటి చోట్ల స్వచ్ఛందంగా పనిచేసేవారు ఎంతో ఓపికతో ఆ పేర్లను సరిచేసి జాబితాలు తయారు చేశారు. మొదటే సూచీ రాయడం తెలిసినవారు పక్కన ఉంటే ఆ శ్రమలో చాలా భాగం తప్పేది.

4. నేర్చుకోవడం రెండు వైపులా జరగాలి

ఎస్. ఆర్. రంగనాథన్ గారి పేరు మీరు వినే ఉంటారు. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పునాదులు వేసినవారు. ఆయన మొదట గణిత ఉపాధ్యాయుడు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడిగా చేరిన తరువాతనే లండన్ వెళ్లి ఆ విద్య నేర్చుకున్నారు. తిరిగివచ్చి 1929లో మద్రాసులో గ్రంథపాలకుల శిక్షణ ప్రారంభించారు. 1931లో గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు చెప్పారు. వాటిలో నాలుగవది పాఠకుని కాలం వృథా కాకూడదని చెబుతుంది. ఐదవది గ్రంథాలయాన్ని పెరిగే ప్రాణితో పోలుస్తుంది. ఉద్యోగంలో చేరిన తరువాత నేర్చుకోవడం చిన్నతనం కాదని చెప్పడానికి రంగనాథన్ గారి జీవితం చాలు.

అమెరికాలో దీనికి ఎదురు వైపు నుంచి ఒక ఉదాహరణ ఉంది. హెన్రియెట్ అవ్రామ్ అనే ఆమె కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే నిపుణురాలు. 1960లలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో చేరారు. సూచీ వివరాలను కంప్యూటర్ చదవగలిగేలా ఒక పద్ధతి తయారు చేయాలి. ఆమె ముందుగా చేసిన పని, సూచీ రాసే విద్యను గ్రంథపాలకుల దగ్గర శ్రద్ధగా నేర్చుకోవడం. అలా తయారైన పద్ధతి పేరు మార్క్. దాని కొత్త రూపాన్నే నేటికీ ప్రపంచమంతటా గ్రంథాలయాలు వాడుతున్నాయి. యంత్రం తెలిసినవారు పుస్తకం తెలిసినవారి దగ్గర కూర్చున్నందువల్లనే అది సాధ్యమైంది.

మన తెలుగునాట కూడా గ్రంథాలయ సేవకులు కొత్త సాధనాలకు వెనుకాడలేదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. అయ్యంకి వెంకటరమణయ్య గారు దానికోసం జీవితమంతా పాటుపడ్డారు. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా డెల్టా కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపారు. కాలువ గట్టున ఉన్న పల్లెలకు పడవ తేలికగా చేరుతుందని ఆయనకు తెలుసు. పాఠకుడు ఎక్కడ ఉన్నాడో ముందు చూసి, దానికి తగిన సాధనాన్ని తరువాత ఎంచుకున్నారు. కంప్యూటర్ విషయంలోనూ ఇదే వరుస పాటించాలి.

నేడు శిక్షణకు ఏర్పాట్లు లేకపోలేదు. విశ్వవిద్యాలయాలలో, కళాశాలలలో పనిచేసే గ్రంథపాలకులకు పునశ్చరణ తరగతులు ఉన్నాయి. 2014లో ప్రారంభమైన జాతీయ గ్రంథాలయ మిషన్ కూడా ప్రజా గ్రంథాలయ సిబ్బంది శిక్షణను తన పనులలో ఒకటిగా చేర్చుకుంది. రాయ్‌పూర్ నగరంలోనే 2018లో నలందా పరిసర్ అనే పెద్ద గ్రంథాలయం తెరిచారు. పోటీ పరీక్షలకు చదివే యువతీయువకులు రాత్రింబగళ్లు అక్కడ కూర్చుని చదువుకుంటారు. కాని బీర్‌గావ్‌లోని ఆ రెండు గదుల వంటి చోట్లకు శిక్షణ చేరడం అరుదు. చేరినా, రెండు రోజుల ఉపన్యాసంగా చేరుతుంది. ఉపన్యాసం విని ఈత నేర్చుకున్నవారు లేరు. కంప్యూటర్ కూడా అంతే.

5. మీట ఒకటే, అక్షరాలు రెండు

మర్నాడు సాయంత్రం నేను మళ్లీ వెళ్లాను. కంప్యూటర్ బల్ల ముందు ఒకే కుర్చీ ఉంది. రెండో కుర్చీ వేయించాను. పెద్దాయనను, అబ్బాయిని పక్కపక్కన కూర్చోబెట్టాను. నేను చేసినది అంతే. మిగిలినది వారిద్దరూ చేసుకున్నారు.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. చాలా భారతీయ భాషలకు ఉమ్మడిగా పనికివచ్చే ఇన్‌స్క్రిప్ట్ అనే మీటల అమరిక 1980లలో తయారైంది. మన లిపుల ఆకారాలు వేరైనా, వర్ణమాల వరుస దాదాపు ఒకటే. అందువల్ల హిందీలో 'క' పలికే అక్షరానికి ఏ మీట నొక్కుతారో, తెలుగు 'క'కూ అదే మీట. గుణింతపు గుర్తులు ఎక్కువగా ఎడమచేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడిచేతి వైపు ఉంటాయి. ఆ అబ్బాయి హిందీని ఈ అమరికలోనే టైపు చేస్తున్నాడు. అంటే అతని వేళ్లకు తెలుగు టైపు చేయడం అప్పటికే వచ్చు. ఆ సంగతి అతనికీ తెలియదు, పెద్దాయనకూ తెలియదు.

కంప్యూటర్‌లో భాషను తెలుగుకు మార్చాం. పెద్దాయన పుస్తకం పేరు పైకి చదివారు. అబ్బాయి చెవితో విని వేళ్లతో కొట్టాడు. తెర మీద తెలుగు అక్షరాలు వచ్చాయి. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒత్తులు, దీర్ఘాలు తప్పినచోట పెద్దాయన దిద్దారు. కాసేపటికి ఆయనే మీటల మీద వేలు పెట్టారు. ఈసారి అబ్బాయి ఆయనకు చూపించాడు. ఇంటిపేరు ఏది, కలంపేరు ఏది, ఇది కథల పుస్తకమా, నవలా అన్నవి పెద్దాయన చెప్పారు. మొదటి సాయంత్రం నాలుగు పుస్తకాలే పూర్తయ్యాయి. నాలుగో సాయంత్రానికి పదిహేను. ఆ రోజు అబ్బాయి ఒక పుస్తకం అట్ట మీద ఉన్న 'కథలు' అన్న మాటను సాయం లేకుండా చదివాడు.

తెలుగు అక్షరాలకు యూనికోడ్‌లో 1991 నుంచే స్థానం ఉంది. ఒకప్పుడు ఒక ఫాంటులో టైపు చేసినది మరో యంత్రంలో తెరిస్తే పిచ్చిగీతలుగా కనిపించేది. యూనికోడ్‌లో రాసినది ఏ కంప్యూటర్‌లోనైనా, ఫోనులోనైనా తెలుగుగానే కనిపిస్తుంది, వెదికితే దొరుకుతుంది. గ్రంథాలయ నిర్వహణకు ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లు కూడా ఉన్నాయి. న్యూజిలాండ్‌లోని ఒక చిన్న గ్రంథాలయం అవసరం కోసం తయారై, 2000లో వాడుకలోకి వచ్చిన కోహా అటువంటిది. మావోరీ భాషలో ఆ మాటకు కానుక అని అర్థం. మన దేశంలో జాతీయ సమాచార కేంద్రం తయారుచేసిన ఈ-గ్రంథాలయ మరొకటి. కాబట్టి చిన్న పఠనాలయానికి ఖరీదైనది సాఫ్ట్‌వేర్ కాదు. తెలిసిన మనిషి సమయమే ఖరీదైనది.

గ్రంథపాలకుల శిక్షణకు పాఠాలు రాసేటప్పుడు ఇప్పుడు నేను మూడు విషయాలు చూస్తున్నాను. మొదటిది, నేర్చుకునేవారి చేతులు మొదటి గంటలోనే మీటల మీద ఉండాలి. రెండవది, వారు తమ గ్రంథాలయంలోని పుస్తకాలనే తెచ్చుకుని వాటితోనే అభ్యాసం చేయాలి. మూడవది, శిక్షణ రెండు రోజులలో ముగిసిపోకూడదు. వారానికి ఒక గంట చొప్పున అయినా కొన్ని నెలలు సాగాలి. వీటన్నింటికీ ముందు, వచ్చినవారికి ఏమి తెలుసో అడగాలి. ముప్పై ఏళ్లు పుస్తకాలతో గడిపినవారిని ఏమీ తెలియనివారుగా కూర్చోబెడితే, వారు నిజంగానే ఏమీ తెలియనట్లు ఊరుకుంటారు.

మీలో ఎవరికైనా గ్రంథాలయ పని మీద ఆసక్తి ఉంటే, సార్వత్రిక విద్యలో సీనియర్ సెకండరీ స్థాయిలోనే గ్రంథాలయ, సమాచార శాస్త్రం ఒక పాఠ్యాంశంగా ఉంది. ఆ పైన డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం దూరవిద్యలో పట్టా కోర్సులు నడుపుతున్నాయి. ఉద్యోగం మానకుండానే చదవవచ్చు. మరో పని చేసేవారికి కూడా ఈ పాఠం వర్తిస్తుంది. మీ పనిచోట కొత్త యంత్రం ముందు ఒకే కుర్చీ ఉంటే, రెండో కుర్చీ తెచ్చి వేయండి. మీకు పని తెలిస్తే దానిలో మీరు కూర్చోండి. మీకు యంత్రం తెలిస్తే, పని తెలిసిన పెద్దవారిని పిలిచి కూర్చోబెట్టండి.

కొత్త పదాలు

వర్గీకరణ: పుస్తకాలను విషయాన్ని బట్టి వరుసలుగా విడదీయడం.
సూచీ: గ్రంథాలయంలో ఉన్న పుస్తకాల వివరాల పట్టిక.
పునశ్చరణ తరగతులు: ఉద్యోగంలో ఉన్నవారు తమ విద్యను కొత్తగా మెరుగుపరచుకునే తరగతులు.
మీట: కంప్యూటర్ మీద అక్షరం కోసం నొక్కేది.

ఆలోచించండి, రాయండి

1. పెద్దబాలశిక్ష అరలో ఉన్నా కంప్యూటర్‌లో ఎందుకు దొరకలేదు? మూడు వాక్యాలలో రాయండి.
2. మీ ఇంట్లో ఉన్న ఐదు పుస్తకాలు తీసుకోండి. ప్రతి పుస్తకానికి రచయిత ఇంటిపేరు, పేరు, పుస్తకం పేరు, విషయం రాసి ఒక చిన్న సూచీ తయారు చేయండి.
3. మీ పనిలోకి వచ్చిన ఒక కొత్త యంత్రం గురించి, దానిని మీరు ఎవరి దగ్గర, ఎలా నేర్చుకున్నారో పదిహేను వాక్యాలలో రాయండి. వారికి మీరు తిరిగి ఏమి నేర్పారో కూడా రాయండి.